43 రోజుల షట్‌డౌన్‌లో యూనివర్సిటీ గ్రాంట్లు ఎలా నడిపామంటే (నా అనుభవం)

నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో గ్రాంట్స్ కోఆర్డినేటర్‌ని. ప్రొఫెసర్లకు ప్రభుత్వం ఇచ్చే రీసెర్చ్ డబ్బుకు లెక్కలు చూసే ఉద్యోగం. ఎవరి జీతం ఏ గ్రాంట్ మీద పడాలి, ఏది ఎప్పుడు ముగుస్తుంది, ఏ ఖర్చుకు ఎవరి అనుమతి కావాలి, రోజూ ఇదే గోల. మాది వ్యవసాయ శాస్త్రాల డిపార్ట్‌మెంట్, పక్కనున్న బయాలజీ ల్యాబులు కొన్ని కూడా నా నెత్తినే ఉన్నాయి. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా సాగిన షట్‌డౌన్ గురించి, అంటే నిధుల బిల్లు పాసవ్వక అమెరికా కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వ ఆఫీసులు చాలావరకు మూతపడటం గురించి వార్తల్లో చదివే ఉంటారు. విమానాశ్రయాల క్యూలు చూపించారు, జీతాల్లేని ఉద్యోగులను చూపించారు, ల్యాబుల్లో ఏం జరిగిందో ఎవరూ పెద్దగా చెప్పలేదు. మన పిల్లలు ఇంతమంది ఇక్కడ పీహెచ్‌డీలు, అది అయ్యాక చేసే రీసెర్చ్ ఉద్యోగాలు (పోస్ట్‌డాక్‌లు) చేస్తున్నారు, తమ జీతం ఏ గ్రాంట్ నుంచి వస్తోందో, ఆ గ్రాంట్ ఏ తారీఖున ముగుస్తుందో సగం మందికి తెలియదు. అందుకే వరసగా రాస్తున్నాను.

సెప్టెంబర్ మధ్యలో మా సెంట్రల్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఫెడరల్ గ్రాంట్లన్నీ జాబితా తీసి, అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు ఏదైనా తారీఖు ఉన్నవి వేరు చేయమన్నారు. సరేనని స్ప్రెడ్‌షీట్ తెరిచి రంగులు వేస్తూ కూర్చున్నాను. మొత్తం డబ్బు ముందే కేటాయించి, గడువు వచ్చే ఏడాదో ఆపై ఏడాదో ఉన్నవి పచ్చ. ఏడాదికోసారి విడతగా వచ్చే డబ్బు, పై విడత ఉత్తర్వు ఈ మూడు నెలల్లో రావాల్సి ఉంటే పసుపు. గడువే ఈ మూడు నెలల్లో ముగిసిపోతుంటే ఎరుపు.

చాలామంది ప్రొఫెసర్లు షట్‌డౌన్ అనగానే డబ్బు ఆగిపోతుందని కంగారు పడ్డారు. నిజానికి పచ్చ గడులకు ఏమీ కాదు. ఖర్చు ముందు యూనివర్సిటీ పెడుతుంది, తర్వాత ప్రభుత్వ ఖాతా నుంచి తీసుకుంటుంది. కేటాయించేసిన డబ్బు అక్కడే ఉంటుంది. ఆగిపోయేదల్లా అవతలి వైపు కూర్చుని “సరే” అనాల్సిన మనిషి. ఆ మనిషితో పని లేకుండా ఎన్ని నడుస్తాయో అన్నీ నడుస్తాయి, ఆ మనిషి సంతకం కావాల్సినవి మాత్రం అక్టోబర్ 1 పొద్దున నుంచి రాయిలా కదలకుండా కూర్చుంటాయి. ఈ సంగతి అర్థమయ్యాక నా పని తేలికైంది. ఎక్కడెక్కడ సంతకం కావాలో వెతికి, సెప్టెంబర్ 30 లోపు ఎన్ని వస్తే అన్ని తెచ్చుకోవడమే.

గడువు ముగిసే గ్రాంట్‌కు అదనపు డబ్బు లేకుండా మొదటి ఏడాది పొడిగింపు చాలావరకు యూనివర్సిటీయే ఇచ్చుకోవచ్చు. సైన్స్ పరిశోధనలకు డబ్బిచ్చే ఫెడరల్ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాంట్ అయితే గడువుకు కనీసం 10 రోజుల ముందు ఆన్‌లైన్‌లో పెట్టాలి. డిసెంబర్‌లో ముగిసేవి కూడా సెప్టెంబర్‌లోనే చేసి పారేశాను. ఒక ప్రొఫెసర్ గారు “ఇంకా మూడు నెలలుంది కదా, తొందరేంటి” అని నవ్వారు. నవ్వనీ అనుకున్నా. రెండో పొడిగింపుకు మాత్రం ప్రోగ్రామ్ ఆఫీసర్, అంటే డబ్బిచ్చే సంస్థలో ఆ గ్రాంట్ చూసే అధికారి ఒప్పుకోవాలి. అలాంటిది ఒకటి అక్టోబర్ 31న ముగియబోతోంది. దరఖాస్తు సెప్టెంబర్ మొదట్లోనే వెళ్లింది, జవాబు లేదు.

సెప్టెంబర్ 30 మా ఆఫీసులో పరీక్ష ముందు రోజులా గడిచింది. సెంట్రల్ ఫైనాన్స్ వాళ్లు అప్పటిదాకా అయిన ఖర్చులన్నీ ఆ వారంలోనే క్లెయిమ్ చేసేశారు. మామూలుగా అంత వెంటవెంటనే చేయరు. నేను ప్రోగ్రామ్ ఆఫీసర్లకు మర్యాదగా గుర్తు చేస్తూ మెయిళ్లు పెట్టాను. సమ్మర్ ట్రైనింగ్‌కు వచ్చే విద్యార్థుల కోసం పెట్టిన డబ్బును ఇంకో పద్దులోకి మార్చుకోవాలంటే ఎన్‌ఎస్‌ఎఫ్ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి కోసం ఆగస్టు నుంచి చూస్తున్నాం. సాయంత్రం 5 దాటాక ఒక ఆఫీసర్ గారి నుంచి ఒకే ఒక్క లైను, ఆమోదించాను, సిస్టమ్‌లో కూడా పెట్టాను అని. రేపటి నుంచి తన జీతమే ఎప్పుడొస్తుందో తెలియని మనిషి, కుర్చీ దిగే ముందు మా పని చేసి వెళ్లారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. రెండో పొడిగింపు సంగతి మాత్రం తేలలేదు.

అక్టోబర్ 1న ఎవరికి మెయిల్ పెట్టినా నిధులు లేనందున ఆఫీసులో లేను, తిరిగి తెరిచాక జవాబిస్తాను అన్న ఆటో రిప్లై వచ్చింది. ఆశ్చర్యం ఏంటంటే వెబ్‌సైట్లు చాలావరకు పనిచేశాయి. వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్‌కు వార్షిక రిపోర్టు ఒకటి అక్టోబర్ 15న ఇవ్వాల్సి ఉంది, డిసెంబర్ 1న మొదలయ్యే విడత కోసం. అటు మనిషి లేడు కదా అని మానేయకూడదు, ఇచ్చేశాం, సిస్టమ్ తీసుకుంది. చదివేవాళ్లు లేరు, అంతే. మా ప్రొఫెసర్ ఒకావిడ కూర్చోవాల్సిన రివ్యూ ప్యానెల్ రద్దయింది. వేరేవాళ్ల దరఖాస్తులు చదివి మార్కులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు పాపం.

మొదటి వారం ఎవరికీ ఏమీ అనిపించలేదు. 2013లో 16 రోజులకే తెరిచారు కదా, ఇదీ అంతే అనుకున్నారు. అక్టోబర్ 10న ఫెడరల్ ఉద్యోగుల తొలగింపు నోటీసులు మొదలయ్యాయి, 4,000 మందికి పైగా. అప్పటి నుంచి భయం రూపం మారింది. అంతవరకు ఎప్పుడు తెరుస్తారా అని చూశాం, ఇప్పుడు తెరిచాక మన ఫైలు తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉంటారా అని టెన్షన్. తర్వాత ఆ తొలగింపులు వెనక్కి తీసుకున్నారు గానీ ఆ నెల రోజులు ఎవరికి తెలుసు?

అక్టోబర్ 20 ప్రాంతంలో మా చెయిర్ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్లాను. అక్టోబర్ 31న ముగిసే గ్రాంట్ మీద ఒక టెక్నీషియన్, ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఉన్నారు. పొడిగింపు వస్తుందన్న నమ్మకం ఉన్నా చేతిలో కాగితం లేదు. ఇలాంటప్పుడు యూనివర్సిటీలో ఎట్-రిస్క్ అకౌంట్ అని ఒక పద్ధతి ఉంది. గ్రాంట్ వస్తే సరి, రాకపోతే ఆ ఖర్చు ఫలానా ఖాతా భరిస్తుందని డిపార్ట్‌మెంట్ పూచీ సంతకం పెట్టాలి. రెండు నెలల జీతాలు, హెల్త్ ఇన్సూరెన్స్ కలిపి దాదాపు 19,000 డాలర్లు. డిసెంబర్ 1 విడత ఆలస్యమైతే ఇంకో 30,000 పైచిలుకు. మొత్తం చెప్పేసరికి ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

“రాకపోతే?”

“రాకపోతే మనదే.”

ఆ డబ్బు ఆయన కొత్తగా చేరబోయే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ల్యాబ్ కోసం దాచింది. చివరికి జీతాల వరకే సంతకం పెట్టారు. రసాయనాలు, సీక్వెన్సింగ్, ప్రయాణాలు అన్నీ ఆపేయమన్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. ప్రయోగం రెండు నెలలు ఆగితే ఆగింది, ఇంటద్దె ఆగదు కదా. అయితే ఆ సంతకం పడేదాకా నాలుగైదు రోజులు ఆ టెక్నీషియన్ కారిడార్‌లో ఎదురుపడితే నేనే ముఖం తిప్పుకున్నాను. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. “నవంబర్ చెక్కు వస్తుందా” అని ఆమె ఒక్కసారే అడిగింది, నా దగ్గర జవాబు లేదు. గ్రాంట్లు చూసేవాళ్లకు అంకెలతోనే పని అనుకుంటారు. ఏ అంకె కింద ఎవరున్నారో మాకే తెలుస్తుంది, అదే కష్టం.

ఇక జొన్న కోత సంగతి. మా ప్రొఫెసర్ ఒకాయన ప్రాజెక్టు ఫెడరల్ వ్యవసాయ శాస్త్రవేత్త ఒకాయనతో కలిసి నడుస్తుంది. పొలం యూనివర్సిటీది, విత్తనం ఇద్దరిదీ. చిన్న మడులు కోసే మిషన్, గింజ తూకం, తేమ కొలిచే పరికరాలు, మైనస్ 80 ఫ్రీజర్ మాత్రం ఫెడరల్ బిల్డింగులో. అక్టోబర్ 1న ఆ బిల్డింగుకు తాళం పడింది. మా విద్యార్థి కార్డు గీస్తే ఎర్ర లైటు. ఆమె రెండేళ్లు సేకరించిన ఆకుల నమూనాలు లోపలే ఉన్నాయి. ఫ్రీజర్ ఆగిపోకుండా చూడటానికి ఒకరిని ఉంచారని విన్నాం, ఆ కబురుతోనే సరిపెట్టుకున్నాం.

మామూలుగా అయితే మిషన్‌తో ఒక పూట పని. పంట పూర్తిగా ఎండిపోయింది, పిట్టలు మొదలుపెట్టేశాయి, గట్టిగా గాలి కొడితే కాడలు పడిపోతాయి. ఆ శాస్త్రవేత్త గారు ఇదే ఊళ్లో ఉంటారు, ఒకరోజు సరుకుల కొట్లో కనిపించారు. ఫర్‌లోలో, అంటే షట్‌డౌన్ వల్ల పని ఆపి ఇంటికి పంపిన సెలవులో ఉన్నవాళ్లు జీతం లేకుండా స్వచ్ఛందంగా కూడా పనిచేయకూడదని చట్టం, పని మెయిల్ చూసినా తప్పే. మా ప్రొఫెసర్ నోరు తెరవబోతుంటే ఆయనే చేత్తో వారించి, ఆదివారం వాన పడేలా ఉంది చూశారా అని మాత్రం అని బండి తోసుకుంటూ వెళ్లిపోయారు.

ఆ శనివారం పొద్దున్నే అందరం పొలంలో ఉన్నాం. మా ప్రొఫెసర్, విద్యార్థులు, గంటకింత అని వచ్చిన డిగ్రీ పిల్లలు, నేను. నాకు అక్కడ పనేం లేదు. బిల్లులు చూసేదాన్ని కదా, ఊరికే వెళ్లాను. మా నంద్యాల వైపు పచ్చజొన్న మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. ఇక్కడిది మిషన్‌కు అందేలా పొట్టిగా పెంచుతారు, కోయాలంటే నడుం వంచాల్సిందే. కొడవలి దొరకదు, చెట్ల కొమ్మలు కత్తిరించే కత్తెరలతో కంకి కంకి కోసి కాగితం సంచిలో వేసి, మడి నంబరు రాసి, మూతి మడిచి స్టేపుల్ కొట్టడం. దుమ్ము మెడలోకి దిగి ఒకటే దురద. మధ్యాహ్నానికి డిగ్రీ పిల్లల్లో ఇద్దరు జారుకున్నారు. వరస తప్పి ఒక్క సంచి మీద నంబరు తారుమారైనా ఆ మడి డేటా పోయినట్టే, అందుకని నన్ను సంచుల పక్కన కూర్చోబెట్టి నంబర్లు చదవమన్నారు. అదొక్కటి నాకు బాగా వచ్చు.

కత్తెరలు, సంచులు, చేతి తొడుగులకు 400 డాలర్లు దాటింది, పిల్లల కూలీ 1,900 దగ్గర అయింది. కోసిన సంచులు ఒక షెడ్డులో పేర్చి ఫ్యాన్లు పెట్టాం. నూర్పిడి, తూకం నవంబర్ 13 తర్వాతే. షట్‌డౌన్‌లో దేశానికి ఎంత నష్టం అని వార్తల్లో పెద్ద పెద్ద అంకెలు వేస్తారు, ఇలాంటి కూలీ లెక్కలు వాటిలో కలుస్తాయనుకోను.

మనవాళ్లకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. మా బయాలజీ ల్యాబులో హనుమకొండ అబ్బాయి ఒకడు పోస్ట్‌డాక్. నన్ను అక్కా అంటాడు. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేయనిచ్చే అనుమతి (స్టెమ్ ఓపీటీ) నవంబర్ 24తో అయిపోతుంది, దానికి ముందే యూనివర్సిటీ హెచ్-1బీ వేయాలి. యూనివర్సిటీలకు లాటరీ గొడవ లేదు, ఎప్పుడైనా వేసుకోవచ్చు, కాబట్టి అక్టోబర్ మొదటి వారంలో వేద్దామని అంతా సిద్ధం చేశారు. హెచ్-1బీకి ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ అనే ఆమోద పత్రం రావాలి. అక్టోబర్ 1న కార్మిక శాఖ వాళ్ల ఆ పోర్టలే మూతపడింది. ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి అది తెరిచే ఉంది, కానీ ఎల్‌సీఏ లేకుండా దాని గడప తొక్కలేం. దీనికి తోడు సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు భయం. ఇక్కడే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని అక్టోబర్ 20న స్పష్టత ఇచ్చారు. అంతవరకు వాడికి నిద్ర లేదు. “గ్రాంట్‌లో పైసలున్నయ్, ల్యాబుల పనుంది, కాగితమొక్కటి లేదని జీతం ఆగుతదా అక్కా?” అని అడిగితే ఏం చెప్తాం? ఆగుతుంది మరి.

వాళ్లమ్మగారు ఒకసారి వీడియో కాల్‌లో నాతోనూ మాట్లాడారు. “ప్రభుత్వమే బంద్ పెడతదా అమ్మా, గట్లెట్ల?” అన్నారు. ఆవిడకు తెలిసిన బంద్ ఒక రోజుది.

షట్‌డౌన్ ఇంకా నడుస్తుండగానే అక్టోబర్ 31న కార్మిక శాఖ ఆ పోర్టల్ తిరిగి తెరిచింది. మా ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లు అదే రోజు ఎల్‌సీఏ వేశారు. ఏడు పనిదినాలు పడుతుంది, మధ్యలో వెటరన్స్ డే సెలవు ఒకటి, నవంబర్ 12న చేతికొచ్చింది. 14న పిటిషన్ పంపారు, త్వరగా చూసేందుకు అదనంగా కట్టే ప్రీమియం ప్రాసెసింగ్‌తో, 2,805 డాలర్లు. అది డిపార్ట్‌మెంట్ పెట్టుకుంది, దాని కోసం చెయిర్‌తో మళ్లీ ఒక మాట అనిపించుకున్నాను. ప్రీమియం అన్నా 15 పనిదినాలు. డిసెంబర్ 5న అప్రూవల్ వచ్చింది. నవంబర్ 25 నుంచి అప్పటిదాకా వాడు దేశంలో ఉండొచ్చు గానీ పనిచేయకూడదు. జీతం లేకుండా ఊరికే వచ్చి సాయం చేస్తానన్నా కుదరదని వాడికి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వాడి సెల్ కల్చర్లను ఇంకో విద్యార్థిని చూసుకుంది. మీలో ఎవరికైనా ఇలాంటి గడువుంటే ఎల్‌సీఏ వరకైనా సెప్టెంబర్‌లోనే వేయించుకోండి, అంత ముందుగా ఎందుకని ఆఫీసువాళ్లు విసుక్కున్నా సరే.

నవంబర్ 7 నుంచి పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించారు. రెండో వారంలో ఒక సమావేశానికి వెళ్లాల్సిన మావాళ్లు సగం మంది మానుకున్నారు. డబ్బు వెనక్కి రాని హోటల్ బుకింగుల గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది, వదిలేస్తున్నా.

నవంబర్ 12 రాత్రి బిల్లు మీద సంతకం అయింది. మర్నాడు నుంచి మా బాధలు తీరతాయనుకున్నవాళ్లకు ఒక మాట, తెరిచాక మొదటి రెండు వారాలు మూసినప్పటి కంటే కష్టం. అటు వాళ్ల ఇన్‌బాక్సుల్లో ఆరు వారాల మెయిళ్లు. మొదట సిస్టమ్ నుంచి యాంత్రికంగా వచ్చేవి వచ్చాయి, మనుషుల మెయిళ్లు మూడు నాలుగు రోజుల తర్వాత మొదలయ్యాయి. అప్పుడిక ఒక్కొక్కరు రెండు రోజుల్లో ఇది పంపు, అది పంపు అని. నేను చేసిన ఒక పని కలిసొచ్చింది. ప్రతి ఎరుపు గడికీ మెయిల్ ముందే రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాను, గ్రాంట్ నంబరు సబ్జెక్టులోనే, ఏం కావాలో మొదటి లైనులోనే, కావాల్సిన కాగితం జతచేసి. పాత మెయిల్‌కు రిప్లై చేస్తే ఆ ఆరు వారాల కుప్పలో అడుగున పడుతుంది. 13 పొద్దున్నే కొత్తగా పంపించాను.

రెండో పొడిగింపు థ్యాంక్స్‌గివింగ్‌కు రెండు రోజుల ముందు వచ్చింది, నవంబర్ 1 నుంచి లెక్క వేసి ఇచ్చారు. టెక్నీషియన్‌కు ఫోన్ చేసి చెప్తే ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత “సరే, అయితే గ్లవ్స్ ఆర్డర్ పెట్టొచ్చా” అంది. డిసెంబర్ 1 విడత ఉత్తర్వు డిసెంబర్ 17న వచ్చింది, అదీ పాత తారీఖు నుంచే. చెయిర్ డబ్బు ఒక్క డాలరు పోలేదు. కానీ ఈ మధ్య కాలంలో తప్పనిసరై డిపార్ట్‌మెంట్ ఖాతా మీద కొన్నవి గ్రాంట్ మీదికి మార్చాలంటే ఒక్కో బిల్లుకూ ఎందుకు, ఏమిటి అని సంజాయిషీ రాయాలి, ఆడిట్‌లో అడుగుతారు కాబట్టి. ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతాలు తర్వాత ఇచ్చారు, న్యాయమే. మా ప్రాజెక్టుల్లో పోయిన ఆరు వారాలు మాత్రం ఎవరూ తిరిగివ్వరు, గడువు తనంతట తాను జరగదు. నమూనాలు ఫ్రీజర్లో చిక్కుకున్న ఆ అమ్మాయి మే నెలలో పీహెచ్‌డీ చివరి పరీక్ష (డిఫెన్స్) పెట్టుకుంది, ఇప్పుడు ఆగస్టు అంటోంది. ఒక కొత్త అవార్డు ఎంపికైనట్టు వేసవిలోనే కబురు వచ్చింది, దాని లెటర్ ఇంకా రాలేదు.

ఇది 2025 డిసెంబర్ చివర్లో రాస్తున్నాను. నవంబర్ బిల్లులో వ్యవసాయ శాఖకు ఏడాది మొత్తానికి నిధులిచ్చారు, ఎన్‌ఎస్‌ఎఫ్, ఎన్‌ఐహెచ్ లాంటివాటికి జనవరి 30 వరకే. కాబట్టి మళ్లీ స్ప్రెడ్‌షీట్, మళ్లీ రంగులు. జొన్న వాళ్లది ఈసారి పచ్చ. ఎరుపులో మూడున్నాయి. రెండింటికి పొడిగింపు మేమే ఇచ్చుకోవచ్చు, సెలవులకు ముందే పెట్టేశాను. మూడోదానికి ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు మెయిల్ పంపగానే ఆటో రిప్లై వచ్చింది. చూడగానే గుండె జారింది గానీ, ఆవిడ క్రిస్మస్ సెలవులో ఉన్నారట, జనవరి 5న వస్తారట.